చేతివాటం

బ్ర్నోలో, జిడెనిత్సె బడి వ్యాయామశాలలో,
బాస్కెట్‌బాల్ గీతల మీద ఒక చెక్క వేదిక.
నా రెండు గుప్పిళ్ళలో రెండు మీటలు:
కుడి బొటనవేలు నొక్కితే ఒకటి కలిసినట్టు,
ఎడమది నొక్కితే ఒకటి పోయినట్టు.
వారమంతా ట్రాము డిపోలో బేరింగులు మార్చే వేళ్ళివి.
నవంబరులో ఒక్క శనివారం
వీటికి తీర్పు చెప్పే పని.

ముందు రాదిమ్. పదహారేళ్ళు.
సంగీతం కన్నా అర అడుగు ముందుంటాడు.
దారం వాడి వేళ్ళ మధ్య
గుక్కతిప్పుకోని అబద్ధంలా అల్లుకుపోతుంది,
ఇక పీటముడే అని మనం అనుకునేలోగా
ఏమీ ఉండదు. ఉత్త దారం, ఉత్త చెయ్యి.
నా కుడి మీట
రేకు మీద వడగళ్ళు పడ్డట్టు మోగుతూనే ఉంది.
వాడి ముఖం మాత్రం నేను చూడలేదు,
చూసే తీరిక ఇవ్వలేదు.

తర్వాత ఒతీలియె.
ఆమెది లోహం కాదు, మేపుల్ కొయ్య.
బేరింగు లేదు, ఇరుసు కదలదు,
దారం రాసుకుని రాసుకుని వేడెక్కే పాతరకం యోయో.
విసిరింది.
బొంగరం నిద్రపోయినట్టు
అది దారం చివర నిద్రపోయింది.
ఆమె దాన్నే చూసింది. మేమూ చూశాం.
వెనక వరసలో ఎవరో దగ్గు రాబోతే మింగారు.
ఆ ఎనిమిది సెకన్లకి ఏ మీట నొక్కాలి?
నిబంధనల్లో లేదు.
చివరికి కోటు జేబు నోరు తెరిచి
దాన్ని అందులోకే రమ్మంది, వచ్చింది.

ఆమెకి పదకొండు. వాడికి నూట నలభై రెండు.
లెక్క లెక్కే. కప్పు వాడిదే.

బయట నడవాలో జ్బినెక్, స్పీకర్ల తీగలు చుడుతూ,
పెచ్చులూడిన ఎర్ర బంతి కెండామా చూపిస్తాడు:
"చివర 'టొక్' మనకపోతే అదేం ఆట?
ఇది చేతులతో కాదమ్మా, మోకాళ్ళతో ఆడాలి."
ఆయన మోకాళ్ళు కూడా టొక్ మంటాయి, అది వేరే సంగతి.
గోడవార కూచున్న పిల్ల
రెండు పూసల బెగ్లెరీని వేళ్ళ సందుల్లో దొర్లిస్తూ
"నాకు వేదికెందుకు, ట్రాములో సీటు చాలు" అంటుంది.
ఎవరి పిచ్చి వారికి ఆనందం.

నన్నెవరూ అడగలేదు కానీ
నాకు నచ్చేది ఆటల మధ్యలో జరుగుతుంది.
దారానికి పురి ఎక్కువైనప్పుడు
ఎంతటి ఆటగాడైనా ఆగాలి,
యోయోని గాలిలో వదిలేసి
అది తనంతట తాను తిరిగి పురి విప్పుకునేదాకా
ఊరికే నిలబడాలి.
అప్పుడు అందరి చెయ్యీ ఒక్కలాగే ఉంటుంది.
దానికి మార్కులు లేవు. ఉండకూడదు కూడా.

రాత్రి పది. ఎనిమిదో నంబరు ట్రాము ఆలస్యం.
స్టాపులో రాదిమ్, కప్పు చంకలో పెట్టుకుని,
"ఒకసారి ఇస్తావా?" అన్నాడు ఒతీలియెని.
కొయ్యది వాడు విసిరాడో లేదో
తిరిగొచ్చి కణుపుల మీద ఠంగున కొట్టింది.
"నేను పిలవలేదే!"
"పిలిచావు. చెయ్యి కాస్త వణికినా వస్తుంది అది."
వాడి లోహపుది ఆమె విసిరింది.
లాగింది. మళ్ళీ లాగింది.
అది కిందే వేలాడుతూ, ఎవరి మాటా వినకుండా, తిరుగుతూ ఉంది.
"దీన్ని పిలిస్తే రాదు," అన్నాడు, వేళ్ళు ఊదుకుంటూ.
"దారంతో మెలిపెట్టి కట్టెయ్యాలి, అప్పుడొస్తుంది."
ఆమె నవ్వింది. "అందుకేనా నీకంత తొందర?"
వాడు జవాబు చెప్పలేదు.

ట్రాములో నా ముందు సీటు వాడిది.
కిటికీ అద్దంలో చూశాను:
ఖాళీ చేతిని కిందికి విసిరి
అలాగే ఉంచాడు.
ఒకటి, రెండు, మూడు…
దొంగ! ఆమె దగ్గర కాజేశాడు,
ఆమెకి తెలిసేలోగా.
నా జేబులో మీట లేదు,
అయినా బొటనవేలు కదిలింది.

మలుపులో ట్రాము కీచుమంది.
వెనక ఇరుసు, ఎడమ వైపు, గ్రీజు ఎండిపోయింది.
సోమవారం మొదట దీన్నే చూడాలి.