గాలి రోజున రండి

"ఎండ కాసే రోజు ఇల్లు చూడకండి," అంది నీవెస్ క్రావోస్ ఫోన్లో,
దగ్గుకీ దగ్గుకీ మధ్య.
"గాలి రోజున రండి.
అప్పుడూ నచ్చితే ధర మాట్లాడుకుందాం."

అందుకని ఫిబ్రవరిలో ఒక మంగళవారం,
చెత్తడబ్బాలు వాటంతటవే వీధి దాటుతున్న పూట,
గోడవెంట కట్టిన తాడు పట్టుకుని
నేనూ ఎలీజియో ఒకరి వెనక ఒకరం ఎక్కాం.
బోరా వీచినప్పుడు త్రియెస్తెలో
పెద్దమనుషులు కూడా వంగే నడుస్తారు.

మా ఫెరారా నేల చాప పరిచినట్టుంటుంది.
పొగమంచులో ఎదుటివాడి సైకిలు గంట విని
పక్కకు తప్పుకునే ఊరు.
ఇక్కడ నా సైకిలు
అద్దెకొంప నడవలో మూడేళ్ళుగా
తడి కోట్లు మోస్తోంది.

ఎలీజియో అక్కడ సైకిళ్ళు బాగుచేసేవాడు,
ఇక్కడ లిఫ్టులు.
"అదే గ్రీజు, దారే నిటారు" అంటాడు.
ఈ ఇంటికి లిఫ్టు లేదు.
తొంభై రెండు మెట్లు.
నేను లెక్కపెట్టాను.
అతను లెక్కపెట్టనట్టు నటించాడు.

నీవెస్ కిటికీలను పరిచయం చేసింది, కోడళ్ళను చేసినట్టు:
ఇది ఈల వేస్తుంది,
అది రాత్రి రెండింటికి మూలుగుతుంది,
ఇదిగో ఇదొక్కటే నోరు లేనిది.
సముద్రం కనిపిస్తుందా అన్నాను.
వంటింట్లో స్టూలెక్కితే
రేవులో ఒక క్రేను మెడ కనిపిస్తుందట.
ఎక్కాను. కనిపించింది.
"ఎందుకు అమ్ముతున్నారు?"
"మోకాళ్ళు ముందే పోయాయమ్మా, ఇల్లొక్కటే మిగిలింది."

కాఫీ పెట్టింది.
గాలిలో దీపమంటే ఉత్త సామెత అనుకునేదాన్ని.
ఎక్కడి సందులోంచో దూరిన గాలికి
స్టవ్వు మీద మంట పక్కకు పడుకుంది,
ఆరలేదు,
పడుకునే కాఫీ కాచింది.

నా ఉద్యోగమూ కాఫీయే.
రేవు గిడ్డంగిలో రోజుకు అరవై కప్పులు
చెంచాతో జుర్రి, నాలుక మీద తిప్పి,
ఇత్తడి గిన్నెలోకి ఉమ్మేస్తాను.
ఏ సంచి ఏ కొండదో చెప్తాను.
మింగడం నా పని కాదు.
ఊళ్ళనూ అలాగే చూశానేమో ఇన్నాళ్ళూ,
బొలోన్యా, రవెన్నా, రెండేళ్ళ జెనోవా,
రుచి చూసి వదిలేసి.

ఈ కప్పు మింగాను. కాస్త మాడింది.

బ్యాంకువాడు ఇరవై ఐదేళ్ళన్నాడు.
చివరి వాయిదా నాటికి నాకు డెబ్భై ఒకటి.
మెట్లు అప్పటికీ తొంభై రెండే.
మా అక్క మిరెల్లా అయితే,
"గాలిని కొంటున్నారే, గోడలు ఉచితమా?" అని నవ్వి,
కాసేపాగి, మెల్లగా,
"మరి ఇక్కడికి రావా?" అంది.
నేను టీవీ చప్పుడు వంక పెట్టి
వినబడలేదన్నాను.

వెళ్ళేముందు నీవెస్‌ని అడిగాను,
ఈ ఊరిదాన్ని కావడానికి ఎన్నాళ్ళు పడుతుందని.
ఆమె పైన కొండమీది పల్లె నుంచి
ఇరవై ఏళ్ళప్పుడు దిగి వచ్చిందట,
ఏడు కిలోమీటర్లు.
"కింది అంతస్తావిడ నన్ను ఇప్పటికీ
'ఆ పైనుంచి వచ్చినామె' అంటుంది.
అరవై రెండేళ్ళయింది.
ఉప్పు కావాలంటే మాత్రం నా తలుపే కొడుతుంది."

తలుపు దగ్గర ఒక తెల్లరాయి ఉంది,
రొట్టె అంత, అంచులు అరిగి.
తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టేది.
"ఇది ధరలో లేదు," అని
నా సంచిలో పడేసింది.
నేనింకా ఏమీ తేల్చుకోలేదండీ, అన్నాను.
"రాయికి ఆ సంగతి తెలీదుగా."

దిగేటప్పుడు బరువుకి
గాలి నన్ను అంతగా తొయ్యలేదు.
ఎలీజియో ముందు నడుస్తూ
తాడు మీద చెయ్యి వేసీ వెయ్యనట్టుగా,
మూడో అంతస్తులో ఒక మెట్టు విరిగింది,
సిమెంటు పెట్టాలి, అన్నాడు,
ఎవరు పెట్టాలో చెప్పలేదు.

సంతకం ఇంకా పెట్టలేదు.
నోటరీ గురువారం దాకా ఆగుతానన్నాడు.
రాత్రి ఈ అద్దెకొంపలో
మూడేళ్ళుగా టపటపలాడే పడగ్గది తలుపుకి
ఆ రాయి అడ్డం పెట్టి పడుకున్నాం.
చప్పుడు లేదు.
ఇద్దరికీ నిద్ర పట్టలేదు.