మూడో ముసలాయన

ఎర్రగుంట్లలో రాతి పాలిష్ ఫ్యాక్టరీ.
పగలు రిజిస్టరు రాసేవాణ్ణి,
పొద్దుగూకినాక ముసలాయన్ని.
మూడో ముసలాయన్ని.

వీరనారాయణ సారు రిటైరైనాక ఊరికే ఉండలేక
గ్రీకు నాటకం ఒకటి పట్టుకొచ్చినాడు.
బృందానికి పదిహేనుమంది ముసలోళ్ళు కావాలంట,
దొరికింది ముగ్గురం.
ముఖాలు సిమెంటు సంచుల్తో కత్తిరించుకున్నాం:
కండ్ల కాడ రెండు బొక్కలు,
నోటి కాడ ఒకటి, ఎప్పుడూ ఏడుస్తున్నట్టు.
నా నుదుటి మీద ‘53 గ్రేడు’ అని అచ్చు.
ఎంత గీకినా పోలా.

“రాజుకు ఏం జరగబోతాదో మీకు ముందే తెలుసు” అన్నాడు సారు.
తెలిసి ఏం చేస్తాం సార్?
“పాడతారు. పక్కకు జరుగుతారు. మళ్ళ పాడతారు.”
అడ్డం పోగూడదా?
సారు కండ్లద్దాలు తుడుచుకున్నాడు.
“పోతే నాటకం యాడుంటాది నాయనా.”

వాళ్ళ నాటకాల్లో చావు జనం ముందర జరగదంట.
లోపల జరుగుతాది, ఎవడో పరిగెత్తుకొచ్చి చెప్తాడు.
వాళ్ళ భాషలో తప్పు చేసేదానికీ
బాణం గురి తప్పేదానికీ ఒకటే మాటంట.
నచ్చింది నాకు. ఎంత మర్యాదైన మాట.

ఎండలు ముదిరిన ఒక మంగళవారం
క్రేను గొలుసులో పదకొండో లింకు
అరిగి గాజంత సన్నబడింది చూసినాను.
నీలం సిరాతో రాసినాను: గొలుసు మార్చవలెను.
ఓనరు చదివినాడు.
ఫ్యాను పక్క చూసినాడు.
“నెలాఖరు పోనీ” అని కూడా అనలా,
అన్నట్టు నేనే విన్నాను.
ఆయన కారెక్కినాక ఆ వాక్యాన్ని కొట్టేసినాను.
స్కేలు పెట్టి,
వంకర పోకుండా.

శుక్రవారం తెల్లారుజామున షెడ్డు లోపల జరిగింది.
పరిగెత్తుకొచ్చింది నీళ్ళు మోసే పిల్లోడు.
“అన్నా, హుసేనప్ప…”
అంతే. తర్వాత మాట వానికి రాలా.

రాయికేం కాలా. ఆరడుగుల నల్లరాయి,
కడిగితే మెరిసింది, అమ్ముడుపోయింది గూడా.
ఏ వంటింట్లో గట్టయిందో,
దాని మీద ఎవరు ఎర్రగడ్డలు తరుగుతున్నారో.

“తలరాత గదన్నా, నువ్వేం చేస్తావు”
హుసేనప్ప పెండ్లాం కుళ్ళాయమ్మ నన్నే ఓదార్చింది.
తలరాత ఎవరి దస్తూరో నాకు తెలీదు.
కొట్టేసిన గీత మాత్రం నాది,
‘వలెను’ కాడ సిరా రవంత పాకింది.
గురి తప్పలా నేను.
విల్లే ఎత్తలా.

నాటకం రోజు హైస్కూలు మైదానం నిండింది.
ముందు వరసలో చాప మీద కుళ్ళాయమ్మ,
ఒళ్ళో చిన్నోడు, చేతిలో చనక్కాయలు.
రాజు లోపలికి పోయినాడు.
మొదటి ముసలాయన పాడినాడు.
రెండో ముసలాయన పాడినాడు.
నా వంతు: విధిని దాటినోడు ఎవడు?
నోటి బొక్కలోంచి గాలి తప్ప రాలా.
తెర పక్కనుంచి సారు అందించినాడు, విధిని…
మళ్ళ అందించినాడు, విధిని…
యెనక ఎవరో నవ్వినారు.
ఆమె కాయలు ఒలిచేది ఆపింది.

ఒకడుగు ముందుకేసినాను.
ఎవరూ పట్టుకోలా. కాళ్ళకు దారం లేదు.
పైన ఎవరూ లేరు,
పురుగులు ముసిరిన బల్బు తప్ప.
ఇంత సులువా అడ్డం పోయేది?
ఆ సులువుకే భయపడినాను.

వెనక్కి జరిగినాను.
పాడినాను.
గొంతు పగిలి శానా బాగా వచ్చిందంట,
చప్పట్లు ఆగలా.

బోరింగు కాడ ముఖం తీస్తే రాదు.
సంచిలో మిగిలిన సిమెంటు
చెమటకు తడిసి చెంపల్ని పట్టుకోనుండాది.
గోటితో గీక్కుంటా ఉంటే
ఎవరో వచ్చి బోరింగు కొట్టినారు.
నీళ్ళు దోసిట్లో పడినాక చూసినాను, కుళ్ళాయమ్మ.
“బాగా ఏడ్చినావన్నా” అనింది.

కడుక్కున్నాను. మళ్ళ కొట్టింది, మళ్ళ కడుక్కున్నాను.

“ఇంగా ఉండాది” అని
వేలు పెట్టి చూపించింది, నుదుటి కాడ.