హాలు

అంగన్‌వాడీ శివగంగమ్మ పుస్తకం తెరిచి
ఎన్ని నెలలిచ్చావు అంది.
నాలుగు, అన్నాను.
ఆపిందెందుకు అంది.
కారణం రాసే గడి
నా చిటికెనవేలి గోరంత.

ఈ ఊళ్లో పాలను హాలు అంటారు.
మడకశిర నుంచి దిగిన కొత్తలో నవ్వొచ్చేది.
నాకు తెలిసిన హాలు బొమ్మనహళ్లిలో ఉంది:
రేకుల కప్పు, ఆరు లైన్లు, నూట ఎనభై మిషన్లు,
గంటకి డెబ్బై కాలర్లు.

కాంట్రాక్టు వాళ్లకి సెలవంటే మానేయడమే.
మూడో నెల దాటీ దాటకముందే మిషనెక్కాను.
ఆ రొదలో ఏ బిడ్డ ఏడుపూ వినిపించదు,
అయినా పదకొండయ్యేసరికి చేపొచ్చేది.
ఒంటికి గడియారం చూడ్డం ఎవరు నేర్పారో!

లోకేశప్ప దగ్గర టోకెను తీసుకుని
టాయిలెట్లో గోడకేసి పిండేదాన్ని.
బిడ్డ పాలు గోడ పాలు,
గోడ దిగి మోరీ పాలు.
టోకెను ఐదు నిమిషాలకే.

ఒకసారి తెల్ల కాలరు మీద చుక్క పడింది.
ఆరాక కనిపించలేదు, చెకింగులో పాసైంది.
ఏ దేశంలోనో ఎవడి మెడ చుట్టూనో
నా బిడ్డ మింగాల్సిన గుటక ఒకటి
ఇస్త్రీ అయి ఉంటుంది.

మా అమ్మ నాకు మూడేళ్లిచ్చింది.
నామీద ప్రేమెక్కువై కాదు,
వేరుశనగ చేలో గట్టుమీద కూలబడితే
టోకెను అడిగేవాడు లేక.

నాలుగో నెల ఒక సాయంత్రం
చెప్పులు విప్పకుండానే పిల్లను ఒళ్లోకి తీసుకున్నాను.
పగలంతా సీసాకి అలవాటు పడ్డ జస్విక
ఏడవలేదు, కొరకలేదు.
మన రూటు కాని బస్సును చూసినట్టు చూసి
మొహం తిప్పుకుంది.

రాళ్లయిన రొమ్ములకి
మల్లెపూలు కట్టుకో, ఇంకిపోతాయంది పై వాటా సెల్వి.
ఎనభై రూపాయలకి రెండు మూరలు.
మర్నాడు పొద్దున బస్సులో
రవికెలోంచి పూలవాసన కొడుతుంటే
పక్క సీటామె ముసిముసిగా
ఏంటి విశేషం అంది.
కిటికీ వైపు తిరిగాను.

ఇదంతా గోరంత గడిలో ఎలా పట్టించను?
జస్విక అప్పటికే పెన్ను లాగుతోంది.
శివగంగమ్మ విడిపించుకుని
ఊఁ, చెప్పమ్మా, అంది.
హాలు వల్లే, అన్నాను.

ఆమె కన్నడంలో రాసుకుంది.
నేను తెలుగులో చెప్పాను.