సున్నతో ఓడే ఆట

లాసన్స్ బే కాలనీలో గెస్ట్ హౌస్ మేడమీద
మొరికావా గారి పాటల పెట్టె.
జపాను నుంచి క్రేను విడిభాగాలతో పాటే దిగింది.
మైకుకి చుట్టిన పాలితిన్ కవరు ఇప్పటికీ విప్పలేదు,
ఉప్పుగాలికి పాడవుతుందని.

రిజిస్టరులో రాకపోకలు రాయాల్సిన నేను
వెనక పేజీల్లో పాటలు రాశాను.
తెరమీద పరిగెత్తే ఆ లిపి నాకు రాదు;
విన్నది విన్నట్టు తెలుగులోకి దించాను.
మినతొ నొ కస. రేవులో గొడుగు.
సబిత కగి. తుప్పు పట్టిన తాళంచెవి.
ఎంత హాయిగా ఒదిగాయో!
ఒక్క 'చు' దగ్గరే,
చందమామని వాళ్ళు పిలిచే చుకిలో చు దగ్గరే,
పెన్ను ఆగింది.
తర్వాత గుర్తొచ్చింది:
భీమిలిలో మా నాయనమ్మ "చుట్ట ఇలా తే" అన్నప్పుడు
పళ్ళ సందుల్లోంచి జారేది
సరిగ్గా అదే.

ఔటర్ హార్బరులో క్రేను నడిపే గరికిన తాతారావు
అర్థం తెలీని పాట కళ్ళు మూసుకుని పాడితే
పెట్టె తొంభై ఒక్క మార్కులు వేసింది.
పుట్టిన భాషలో పాడిన మొరికావా గారికి డెబ్భై నాలుగు.
ఆయన లేచి, తాతారావుకి నడుం వంచి దణ్ణం పెట్టారు.
తాతారావు ఆ అంకెని బెర్తులో అందరికీ చెప్పాడు,
సరుకు బరువు చెప్పినంత గంభీరంగా.

గొంతులు అలిశాక ఆట.
పాట పేరు ఒకటి. దాని చివరి అక్షరంతో ఇంకో పాట పేరు.
మన అంత్యాక్షరే గానీ పాడక్కర్లేదు.
మెలిక ఒకటే, న్ తో ముగిసే పేరు చెప్పినవాడు ఓడినట్టు.
"న్ తో మొదలయ్యే మాట మాకు లేదు" అన్నారాయన.
మాకూ సున్నతో మొదలయ్యేది లేదండీ, అన్నాను.
ఇద్దరం కాసేపు
ఒకే వీధిలో ఇళ్ళున్నవాళ్ళలా చూసుకున్నాం.

"గిన్ నొ ఉరొకొ", వెండి పొలుసు, అని ఆయన కొ అందిస్తే
తాతారావు ఆగలేక "కోనాం!" అనేశాడు.
అది పాట కాదురా, చేప.
"మా పేటలో దానిమీదా పాటుంది."
ఉన్నా, చివర సున్నే కదా.
మర్నాడు కోనాం పులుసుతో జరిమానా కట్టాడు.

ఆఖరి రాత్రి.
అట్టపెట్టెలకి టేపు వేసేశారు.
డాల్ఫిన్ నోస్ దీపం సముద్రం మీద గీత గీసి చెరిపేస్తోంది.
"మినతొ నొ కస" అన్నాను.
స.
స తో నూరు పాటలు తెలిసిన మనిషి
చాలాసేపు ఊరుకుని
"సైగొ నొ బిన్" అన్నారు.
చివరి విమానం.
ఓడారు ఓడారు అని తాతారావు బల్ల చరచబోయాడు,
చెయ్యి సగంలోనే ఆగింది.

గిన్నెలు తోముతున్న పోలమ్మ కొళాయి కట్టేసి
"అదేటండి, బిన్ను అనండి. ను వస్తాది" అంది.

అవును కదా. బస్సు, రైలు, క్రేను, మైకు.
ఏ దేశం మాట మా గుమ్మం ఎక్కినా
చివర ఓ కొమ్ము తగిలించి కూచోబెడతాం.
మా ఇంట్లో హల్లుని ఒంటరిగా నిలబెట్టం.

ఇదంతా ఆయనకి చెప్పడానికి
నాకు వచ్చిన నాలుగు ముక్కలూ ఖర్చుపెట్టాను.
ఎంత అర్థమైందో.
కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకుని
"బిన్ను" అన్నారు. రెండుసార్లు.
"ను... నురెత కుచు."
తడిసిన బూట్లు.
అలాంటి పాట నిజంగా ఉందో,
గుమ్మంలో ఇసకతో ఆరుతున్న తన బూట్లు చూసి
అప్పటికప్పుడు అల్లారో.

ఇప్పుడు చు నా దగ్గర.
చుక్క ఉంది. చురక ఉంది.
నాలిక మీదికి మాత్రం చుట్టం వచ్చి కూచుంది.
చివర సున్న.
చుట్టము అని దిద్దితే పోలమ్మ నవ్వుతుంది.

మా నాయనమ్మ చుట్ట నిప్పు కొస
నోట్లో పెట్టుకుని కాల్చేది.
పొగ తప్ప బయటికి ఏమీ కనిపించేది కాదు.
అలాగే పట్టుకుని ఉన్నాను.

కింద కారు హారను కొట్టింది.
"మీ వంతు" అన్నారాయన, తెలుగులో,
బూట్లు తొడుక్కుంటూ.