నుదుటి మీద టైము

నెత్తురు క్యాంటీన్ నుంచి తెప్పిస్తాను.
ఎర్ర గోంగూర కాయల్ని అల్లంతో, లవంగాలతో
మరగబెట్టిన సొబొలో, రెండు బకెట్లు.
చక్కెర వెయ్యొద్దంటే వంట అజెటే వినడు.
"పిల్లలు తాగరా ఏంటి మేడమ్, చప్పగా ఎలా ఇస్తాను?"
అందుకే నా పాఠంలో గాయపడిన వాళ్ళందరికీ
చీమలు పడతాయి.

టెషీ మైదానంలో, హర్మటాన్ గాలి
ఎడారి నుంచి మోసుకొచ్చిన దుమ్ములో
క్యాడెట్లు వెల్లకిలా పడి మూలుగుతారు.
మరీ బాగా మూలిగేవాడికి మార్కులు తగ్గిస్తాను.
నిజంగా రక్తం పోతున్నవాడు
చాలాసేపు మర్యాదగా ఉంటాడు.
"నాకేం ఫర్వాలేదు, ముందు వాణ్ణి చూడండి" అంటాడు.

ఇరవై మూడేళ్ళు సైన్యంలో డాక్టర్ని.
బూట్లు కరిచిన పుళ్ళు, మలేరియా, సుఖరోగాలు,
సెలవు కోసం పుట్టుకొచ్చిన నడుం నొప్పులు.
ముప్పాతిక ఉద్యోగం అదే. దాని గురించి ఎవరూ అడగరు.
అందరూ అడిగేది లెబనాన్.

సరే, లెబనాన్.
కార్పొరల్ డోట్సే తొడకి బెల్టు బిగించి
వాడి స్నేహితుడు భుజాన మోసుకొచ్చాడు.
బాగా బిగించాడు, వంక పెట్టడానికి లేదు.
"ఎప్పుడు కట్టావు?"
"ఇందాక."

ఇందాక.
ఆ మాటలో అరపూట ఉందో అరగంట ఉందో
వాడి మొహంలో వెతికాను. వాడు ఏడుస్తున్నాడు.
కాలు చల్లగా, గచ్చులా ఉంది.
ఆరు గంటలు దాటాయనుకున్నాను.
తీసేశాను.

మర్నాడు జీపు లాగ్‌బుక్కులో చూశాను.
రెండు గంటలు కూడా కాలేదు.
ఎలాగూ పోయేదే అన్నారు తోటి డాక్టర్లు.
కావచ్చు. రంపం వాళ్ళ చేతిలో లేదు.
డోట్సే ఇప్పుడు హో బస్టాండులో ఫోన్లు బాగుచేస్తాడు,
ప్రతి క్రిస్మస్‌కీ నాకు కబురు పెడతాడు.
క్షమించాడో, అసలు తెలియదో,
అడిగే ధైర్యం నాకింకా రాలేదు.

అందుకే వార్డు వదిలి ఈ మైదానానికొచ్చాను.
"కట్టు బిగించగానే నుదుటి మీద టైము రాయండి.
నుదుటి రాత ఎవరు రాస్తారో పాస్టరునడగండి, ఇమామునడగండి,
ఆ నాలుగంకెలు మాత్రం మీరే రాయాలి."
నవ్వుతారు. నవ్వనీ.

అయారిగా అని ఒకడు, బోల్గాటాంగా కుర్రాడు.
వాళ్ళ అవ్వ గడ్డితో బుట్టలల్లుతుందట,
వాడి వేళ్ళకి ముడి పుట్టుకతోనే వచ్చు.
పదకొండు సెకన్లలో కట్టేస్తాడు. రాత మాత్రం కోడి గీతలు.
"నీ ఏడు ఒకటిలా ఉంది" అన్నాను.
"అర్థమవుతుంది కదా మేడమ్."
"ఆ తేడా ఖరీదు ఒక కాలు."
మెస్సు గోడ మీద వంద ఏడులు రాయించాను,
తర్వాత నా జీతంలోంచి సున్నం వేయించాను.

సాయంత్రం ఇంటికెళ్ళే దారిలో శవపేటికల వడ్రంగులు.
చేపలు పట్టినవాడికి చేప, కోకో పండించినవాడికి కోకో కాయ,
డ్రైవరుకి లారీ, నంబరు ప్లేటుతో సహా.
"మేడమ్‌కి సిరంజి చెయ్యనా?" అంటాడు నీ లాంటే, ఉలి ఆపకుండా.
"మార్కర్ పెన్ను చెయ్యి.
మూత గట్టిగా పెట్టు, ఎండిపోతుంది."

నిన్న అర్ధరాత్రి దాటాక ఫోను.
ఉత్తర సరిహద్దు నుంచి, మధ్యలో గాలి హోరు.
పేరు చెప్పలేదు. ఊపిరి మాత్రం వినిపించింది.
తర్వాత, అప్పచెబుతున్నట్టు,
"ఒకటి, ఏడు, సున్నా, ఏడు. హెలికాప్టర్ ఎక్కించేశాం మేడమ్."
బతుకుతాడా అని వాడు అడగలేదు, నేను చెప్పలేదు.
"ఏడు అడ్డగీత పెట్టావా?"
"పెట్టాను."

లేచి వసారాలోకొచ్చాను.
రేపటి కోసం అజెటే పంపిన బకెట్టు,
మూత చుట్టూ అప్పుడే చీమల బారు.