వెనక్కి నడిపే పరీక్ష

మొగ పూడిపోయిన ఏడు
భావనపాడు నుంచి కళింగపట్నానికి
మా పడవ రోడ్డు మీద బయల్దేరింది.

ముందు దండాసి చిన్నాన్న సొంత లారీ,
వెనక ఇనపచట్రం,
దాని మీద తాళ్ళతో బిగించిన కన్నమ్మ,
నలభై అడుగుల మరబోటు.
ఆ పైన నేను, చేతిలో గెడ.
లోతు చూడ్డానికి కాదు,
కరెంటు తీగలు పైకెత్తడానికి.

నౌపడ ఉప్పుమళ్ళు తెల్లగా వెనక్కి పోయాయి.
టెక్కలిలో ఒక ముసలమ్మ తట్ట దించి దణ్ణం పెట్టింది,
పడవకో నాకో తెలీదు.
టీకొట్టు దగ్గర ఎవడో అరిచాడు:
"ఏటి బావొ, మా సేలో వలేస్తావేటి!"
నేను నవ్వలేదు.
ఒక తీగ నా చెవి పక్క నుంచి దాటుతోంది.

కోటబొమ్మాళి దగ్గర
బ్రేకు ఇన్‌స్పెక్టరు చెయ్యెత్తాడు.
గొడుగు కింద కుర్చీ, ఒళ్ళో అట్ట, అట్ట మీద ఫారం.
చిన్నాన్న జేబులోంచి పాలిథీన్ సంచి,
ఆ సంచిలోంచి ఇంకో సంచి,
అందులోంచి కార్డు తీశాడు.
కార్డుకీ కాస్త చేపవాసన.

"ఇది తేలిక బండికి. ఏడున్నర టన్నులు దాటితే చెల్లదు."
"లారీ నాదే బాబూ. కిరాయికి తిప్పడం నేదు."
"సొంతమైతే బరువు తగ్గుతుందా?
బండి, చట్రం, పడవ, మూడూ కలిపి లెక్క.
పడవెంత?"

చిన్నాన్న నోరు తెరిచి మూశాడు.
ఇరవై రెండేళ్ళు దాని మీద వేటకెళ్ళినవాడు.
ఎన్ని బుట్టలు పడుతుందో తెలుసు.
రాత్రికి ఎంత డీజిలు తాగుతుందో తెలుసు.
పైరగాలికి ఏ పక్కకి ఒరుగుతుందో
నిద్రలో లేపి అడిగినా చెప్తాడు.
ఎంత తూగుతుందని
అంతవరకూ ఎవరూ అడగలేదు.

"నీల మీదైతే నానూ మా తమ్ముడూ తోసీసీవోలం బాబూ"
అన్నాడు చివరికి.
ఇన్‌స్పెక్టరు పెన్ను
ఆ గడి మీద చాలాసేపు ఆగింది.

జీడిపిక్కల మిల్లు కాటా మీద తూచాం.
మిగతావి తీసేస్తే పడవొక్కటీ
తొమ్మిది టన్నుల రెండొందల కేజీలు.
చీటీని రెండు చేతుల్తో పట్టుకున్నాడు చిన్నాన్న,
ఆస్పత్రిలో నర్సు బిడ్డ బరువు చెప్పినప్పటిలా.
"ఓలమ్మ కన్నమ్మా" అన్నాడు,
వేరే డ్రైవర్ని పెట్టుకోమంటే మాత్రం
"నా పడవని ఇంకోడు లాగడమేటి" అని కూలబడ్డాడు.

రెండు నెలల పైచిలుకు
కన్నమ్మ మిల్లు గోడవార ఉండిపోయింది.
ఇంజను పెట్టెలో కోడి పొదిగింది.
చిన్నాన్న అర చెయ్యంత పుస్తకంలో
ముక్కోణాలూ గుండ్రాలూ బట్టీపట్టాడు.
రాత్రుళ్ళు మా పిన్ని గంటె ఎత్తితే
ఆగాలా పోవాలా చెప్పేవాడు.
ఎక్కువగా తప్పు చెప్పేవాడు.

శ్రీకాకుళంలో పరీక్ష.
ముందుకి నడిపేటప్పుడు ఒక జెండా పడేశాడు.
గేరు గీరింది. ఎవరో కిసుక్కుమన్నారు.
తర్వాత చట్రం తగిలించి
రెండు గుంజల మధ్యకి వెనక్కి పెట్టమన్నారు.
అప్పటికి నలుగురు ఓడిపోయారు.
ఎడమకి తిప్పితే వెనకది కుడికి పోతుంది,
కుడికి తిప్పితే ఎడమకి,
మనిషి చేతులు మనిషి మాట వినవు.

చిన్నాన్న భుజం మీంచి వెనక్కి చూశాడు,
వెనక నుంచొచ్చే కెరటాన్ని చూసినట్టు.
చుక్కాని ఎడమకి నెడితే
పడవ ముక్కు కుడికి తిరగదా మరి!
ఒక్కసారి కూడా ఆగకుండా
చట్రం గుంజల మధ్యకి జారిపోయింది.

"ఎవరు నేర్పారయ్యా నీకిది?"
"మొగ, బాబూ."
"అదే ఊరు?"
"పూడిపోనాది."

కొత్త కార్డు వచ్చిన రోజు
నాచేత రెండుసార్లు చదివించుకున్నాడు.
పడవ ముక్కు మీద, పేరు కింద,
తెల్లరంగుతో 9200 రాయించాడు.
ఎందుకంటే చెప్పలేదు.

కళింగపట్నంలో దింపినప్పుడు
మొదటి కెరటానికే ఆ అంకె తడిసింది.
పైనించి గెడ దించాను.
నడుం లోతు.
"ఇంకా తొయ్యండి" అన్నాను.