రెండో జ

బుధవారం రాత్రి ఎనిమిదిన్నరకి
పర్లాఖెముండిలో కరెంటుంటే
నా బల్ల చుట్టూ ముగ్గురం చేరతాం.
లూబ్లిన్‌లో బొజేనాకి సాయంకాలం టీ వేళ.
ఒసాకాలో నిషిగుచి గారికి అప్పుడే తారీఖు మారుతుంది.
మధ్యలో ఎర్రమైనం, స్పిరిట్ దీపం,
పారిస్ ప్లాస్టర్‌లో ఒక ముసలావిడ నోరు.

ఎవరి భాషా ఎవరికీ రాదు.
ముగ్గురికీ వచ్చిన ఇంగ్లీషు
మూడు చోట్ల పుచ్చిపోయింది.
అయినా నమలడానికి సరిపోతుంది.

తవిటమ్మ జున్ను అమ్ముతుంది.
మహేంద్రతనయ అవతలి ఊరినుంచి
గిన్నె నెత్తిన పెట్టుకుని, మంచులో, నడిచి.
ముప్పై ఏళ్ళుగా ఆ కేకకే
మా వీధిలో గడియలు తీస్తారు.
పై పళ్ళు ఊడాక ఆ కేక
గాలి పోయిన సైకిల్ ట్యూబు.

కట్టుడు పళ్ళు చేసి పెట్టాను.
నమిలింది. నవ్వింది. అద్దం అడిగింది.
మర్నాడే తిరిగొచ్చింది,
పళ్ళు కొంగున మూటకట్టుకుని.
"పళ్ళు బాగున్నాయి నాయినా,
నా జున్నే బాగోనేదు.
ఎవుడో కటకం బాబు అరిసినట్టుంది."

నాకు తేడా వినపడలేదు.
నాది ఒడియా బడి.
తెలుగు మా అమ్మ తిట్లలోంచి వచ్చింది,
పలక మీంచి కాదు.
నలభై మూడేళ్ళుగా
జ అంటే ఒక్కటే అనుకున్నాను.

ఆమె గొంతు పట్టి పంపాను:
జున్ను, జీతం, జొన్న, జిల్లేడు, చలి.
బొజేనా నాలుగుసార్లు విని
"మీకు జ లు రెండెందుకు?" అంది.
ఒకటి అంగిట్లో, ఒకటి పళ్ళ వెనక.
ఆ రెండోది మా దగ్గరా ఉంది,
గంటని దాంతోనే పిలుస్తాం, అని
వాళ్ళ గంటని ఒకసారి మోగించింది.
నిషిగుచి గారు కళ్ళు నులుముకుని
మా చందమామ పక్కింట్లోనే ఉంటాడు, అన్నారు.
"త్సుకి."
నేను లోపల్లోపల చుక్క అనుకుని చూశాను.
నాలుక నిజంగానే
పళ్ళ వెనకనుంచి తలుపు తట్టింది.
ఇన్నాళ్ళూ నా నోట్లో ఎవరున్నారో
నాకే తెలీదు.

"చలి" దగ్గర తవిటమ్మ "సలి" అంది.
నిషిగుచి గారు చటుక్కున ఎర్రగీత గీసి
ముందుపన్ను జరపబోయారు.
ఆగండి, అది పన్ను కాదు, ఊరు.
దిద్దొద్దు.
ఆ ముక్క ఇంగ్లీషులోకి దింపడానికి
పది నిమిషాలు పట్టింది,
ఈలోపు కరెంటు పోయి వచ్చింది.

అంగిలి మీద పొడి చల్లి జున్ను అనిపించమన్నారు.
అనిపించాను.
పొడి చెరిగిన చోటు నాలుక అడుగుజాడ.
ఉండాల్సిన చోటుకి రెండు వెంట్రుకలు వెనగ్గా ఉంది.
ముందుపళ్ళ వెనక మందం ఎక్కువ, అంది బొజేనా.
అర మిల్లీమీటరు.
పటం గీసి పంపింది,
మా లోయలకీ కొండలకీ ఎవరూ గియ్యనంత శ్రద్ధగా.

తరగడం మాత్రం నా వంతు.
చిన్నప్పుడు మహారాణా వీధిలో
కొమ్ము కొంగలు చెక్కే ముసలాయన
మెడ దగ్గరికొచ్చేసరికి అనేవాడు:
ఊపిరి బిగబట్టకురా, వదిలెయ్.
వదిలాను.
గులాబీరంగు పొట్టు గోళ్ళనిండా.

శుక్రవారం, తెల్లారకముందు,
వీధి మలుపులో, కుక్కల అరుపుల మధ్య,
జున్నో... య్.
అరుగు మీద నిలబడి ఫోను ఎత్తి పట్టుకున్నాను.
బాకీ మూడొందలూ జున్నులో తీరుస్తానంది,
ఒక గిన్నె అప్పుడే ఇచ్చింది.

వచ్చే బుధవారం వినిపించాను.
బొజేనా కళ్ళు మూసుకుని వింది.
అసలు జున్నంటే ఏమిటంది.
ఈనిన గేదె మొదటిపాలు,
బెల్లం, మిరియాలు, ఆవిరి.
గిన్నెలో మిగిలిన ముక్క వణికించి చూపించాను.

నిషిగుచి గారు చాలాసేపు చూసి,
మర్యాదగా, తలవంచి అడిగారు:
"ఇది తినడానికి పళ్ళు అక్కర్లేదు కదా?"

అక్కర్లేదండి, అన్నాను.
అమ్మడానికి కావాలి.